దేవుడి మీద జోకులేసే సినిమా చూసొచ్చి అభిప్రాయం రాయాలంటే: తిరుపతి నుంచి నా పద్ధతి

మతాన్ని ఆటపట్టించే డార్క్ కామెడీ ఏదైనా రిలీజయిందంటే మా తిరుపతిలో రెండు మాటలే వినిపిస్తాయి. ఒకటి "ఏం తీసినాడన్నా, దమ్మున్నోడు". రెండోది "మన దేవుళ్ళే దొరికినారా వీళ్ళకి, బ్యాన్ చేయాల". ఈ రెండూ విన్నవాడికి సినిమాలో ఏముందో తెలియదు, తన అమ్మను ఆ సినిమాకి తీసుకెళ్ళొచ్చో లేదో అసలే తెలియదు. పొద్దున లేస్తే సుప్రభాతం, ఏ రోడ్డు మీద నిలబడి తలెత్తినా కొండ, ఏ బస్సు ఎక్కినా గోవింద నామం. ఇలాంటి ఊళ్ళో కూర్చుని ఇలాంటి సినిమా గురించి రాయడం మిగతా సినిమాల గురించి రాసినంత తేలిక కాదు. చాలా ఏళ్ళుగా చూసిన ప్రతి సినిమా గురించి నాలుగు ముక్కలు రాసుకునే అలవాటు నాది. ఈ రకం సినిమాలకి మాత్రం ఒక పద్ధతి పెట్టుకున్నాను, అదే ఇక్కడ చెబుతున్నాను.

ముందు ఒక్క మాట గుర్తు పెట్టుకోండి. సినిమా మంచిదా చెడ్డదా అని తేల్చేముందు, జోకు ఎవరి మీద పడిందో తేల్చాలి. మిగతాదంతా దాని తర్వాతే.

చూడకముందు

క్లిప్ చూసి అభిప్రాయం పెట్టుకోకండి. ముప్పై సెకన్ల ముక్కలో దేవుడి వేషం కట్టినవాడు బైక్ మీద పోతుంటాడు, కింద కామెంట్లలో మూడు వందల మంది తిట్టుకుంటుంటారు, వాళ్ళలో సినిమా చూసినవాడు ఒక్కడూ ఉండడు. హిందీ సినిమా 'పీకే' విషయంలో అయితే ట్రైలర్ దాకా కూడా పోలేదు, పోస్టర్ మీదే గొడవ. సినిమా వచ్చింది 2014 డిసెంబర్‌లో, పోస్టర్ మీద కేసు ఆగస్టుకే సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. నచ్చకపోతే చూడొద్దు అని చెప్పి కోర్టు దాన్ని కొట్టేసింది.

ఇంకా పాత ఉదాహరణ ఇంగ్లీషు సినిమా 'లైఫ్ ఆఫ్ బ్రయన్', 1979లో వచ్చింది. ఏసుక్రీస్తును వెక్కిరించారని ఎన్నో చోట్ల అడ్డుకున్నారు. నార్వేలో కొంతకాలం నిషేధించారు, ఐర్లాండ్‌లో 1987 దాకా ఆడనివ్వలేదు. తీరా సినిమా చూస్తే అందులో హీరో ఏసు కాదు, ఏసు పుట్టిన రోజే పక్క పశువుల పాకలో పుట్టిన బ్రయన్ అనేవాడు. ఏసు కొండ మీద ప్రసంగించే సీన్ ఒకటుంది, ఆయన్ని మాత్రం చాలా గౌరవంగా చూపిస్తారు. నవ్వంతా గుంపులో వెనకాల నిలబడి సరిగ్గా వినిపించక "సమాధానపరచువారు ధన్యులు" అన్నదాన్ని "చీజ్ చేసేవాళ్ళు ధన్యులు" అని విని, అందులో ఏం అర్థముందో అని చర్చ పెట్టుకునే జనం మీద. ఇంగ్లీషులో పీస్‌మేకర్స్, చీజ్‌మేకర్స్ దగ్గరగా వినిపిస్తాయి కదా, అదీ జోకు. అంటే దెబ్బ పడింది దేవుడి మీద కాదు, దేవుడు చెప్పింది సరిగ్గా వినని మన మీద. ఆ తేడా పోస్టర్‌లో కనిపించదు, క్లిప్‌లో కనిపించదు, కూర్చుని చూస్తేనే తెలుస్తుంది.

ఇంట్లోవాళ్ళతో వెళ్తుంటే సర్టిఫికెట్ చూసుకోండి. 2023లో సినిమాటోగ్రాఫ్ చట్టానికి సవరణ వచ్చాక యూఏ అనేది (పెద్దవాళ్ళ తోడుతో పిల్లలు చూడొచ్చు అనే సర్టిఫికెట్) వయసును బట్టి మూడు రకాలైంది: యూఏ 7+, యూఏ 13+, యూఏ 16+. డార్క్ కామెడీలో చావు మీద, శవం మీద, ఆస్పత్రి మీద జోకులుంటాయి కాబట్టి పిల్లలున్న ఇంట్లో ఈ అంకె చూడటం ముఖ్యం. మీరు రాసేటప్పుడు కూడా ఈ విషయం పైనే రాసేయండి, చదివేవాళ్ళకి బాగా పనికొస్తుంది.

చూస్తున్నప్పుడు తెర ఒక్కటే చూడకండి

ఈ అలవాటు నాకు 2015 సంక్రాంతికి పట్టింది. 'గోపాల గోపాల' చూడటానికి వెళ్ళాను. కథ తెలిసిందే: దేవుడి బొమ్మలు అమ్ముకుంటూ దేవుణ్ణి నమ్మని గోపాలరావు, భూకంపానికి కొట్టు కూలిపోతే ఇన్సూరెన్స్ వాళ్ళు "ఇది దేవుడు చేసిన పని, డబ్బు రాదు" అంటారు, అయితే ఆ దేవుడి మీదే కేసు వేస్తానంటాడు. 2012లో హిందీలో వచ్చిన 'ఓ మై గాడ్'కి ఇది రీమేక్, ఆ హిందీ సినిమాకి మూలం ఒక గుజరాతీ నాటకం. నా ముందు వరసలో ఒక కుటుంబం కూర్చుంది. దర్శనం చేసుకుని దిగొచ్చి, రాత్రి రైలుకి ఇంకా టైముందని సినిమాకి వచ్చినట్టున్నారు. భార్యాభర్తలిద్దరికీ, మధ్యలో కూర్చున్న ఎనిమిదేళ్ళ పిల్లోడికీ గుండ్లు, వాటి మీద పూసిన గంధం ఇంకా పచ్చిగానే ఉంది. హీరో మొక్కుల గురించి, దేవుడికి ఇచ్చుకోవడాల గురించి వాదన మొదలుపెట్టగానే హాలంతా ఈలలు. ఆ తండ్రి గుండు నిమురుకుంటూ గట్టిగా నవ్వాడు. పిల్లోడు నాన్నని చూసి నవ్వాడు. ఆమె మాత్రం నవ్వలేదు. జారిన కొంగు తీసి తల మీదుగా వేసుకుంది, అంతే. కోపంగా లేదు, లేచి వెళ్ళిపోలేదు, చివరిదాకా చూసింది.

ఆ రోజు ఇంటికొచ్చి రాద్దామని కూర్చుంటే సినిమా గురించి నాకు తోచిన తెలివైన మాటలన్నీ ఆమె కొంగు ముందు తేలిపోయాయి. ఒకే జోకు, ఒకే మొక్కు తీర్చుకున్న ఒకే కుటుంబంలో ఒకరికి నవ్వు, ఒకరికి ముల్లు. దీన్ని వదిలేసి "జనం ఎంజాయ్ చేశారు" అని రాస్తే అది అబద్ధం అవుతుంది.

కాబట్టి హాల్లో ఎక్కడ నవ్వు పుట్టింది, ఎవరి దగ్గర ఆగిపోయింది, ఏ డైలాగ్ తర్వాత నిశ్శబ్దం వచ్చింది అని గమనించండి. ఫోన్ తీయకండి, వెలుతురు పక్కవాళ్ళ కళ్ళలో కొడుతుంది. జేబులో చిన్న నోట్‌బుక్ చాలు, చీకట్లోనే వంకరటింకరగా నాలుగు పదాలు: "కోర్టు, మొక్కులు, ఆమె కొంగు". ఇంటికొచ్చాక అదే అంతా గుర్తు చేస్తుంది.

జోకు ఎవరి మీద పడింది?

ఇక్కడే ఎక్కువ టైం పెట్టండి. మన ఊరి విషయంతోనే చెబుతాను. తలనీలాల మీద ఒక జోకు ఉందనుకుందాం. కల్యాణకట్టలో తలనీలాలు తీయడానికి పైసా ఇవ్వక్కరలేదు, ఆ జుట్టును దేవస్థానం తర్వాత వేలం వేస్తుంది, ఇది అందరికీ తెలిసిందే. ఇప్పుడు ఆ ఒక్క విషయం మీదే మూడు రకాలుగా జోకు వేయొచ్చు.

కొడుక్కి జ్వరం తగ్గితే జుట్టిస్తానని మొక్కుకుని, తగ్గాక వచ్చి ఇచ్చిన తల్లిని చూపించి, చూడండి ఎంత తెలివితక్కువదో అని నవ్వించడం ఒకటి. కొండ కింద ఒక దళారి వాళ్ళ దగ్గర చేరి, ఉచితంగా అయ్యే పనికి "స్పెషల్ గుండు, లైన్ లేకుండా చేయిస్తా" అని డబ్బు గుంజి, వాళ్ళకంటే ముందు తనే దేవుడికి దండం పెట్టుకోవడం ఇంకొకటి. మూడోది, "ఇన్ని కోట్ల మంది జుట్టు తీసుకుని ఏం చేసుకుంటావు సామీ, నీ నెత్తి మీద కిరీటం ఉండనే ఉండాదే" అని దేవుణ్ణే అడగడం.

ఈ మూడూ ఒకటి కావు. మొదటిది నమ్మినవాళ్ళ మీద, రెండోది నమ్మకాన్ని అమ్ముకునేవాడి మీద, మూడోది నేరుగా దేవుడి మీద. చిత్రం ఏంటంటే మన వాళ్ళకి మూడోదానితో పెద్దగా ఇబ్బంది లేదు. దేవుణ్ణి దెప్పిపొడవడం మనకి కొత్త కాదు, దానికి నిందాస్తుతి అని పేరు పెట్టుకుని మరీ పాడుకున్నాం. భద్రాచల రామదాసు జైల్లో కూర్చుని "ఎవడబ్బ సొమ్మని" అని రాముణ్ణే నిలదీశాడు, ఆ పాటను ఇప్పటికీ గుళ్ళో పాడుతున్నాం. మన స్వామినైతే పెళ్ళికి కుబేరుడి దగ్గర అప్పు చేసి ఇంకా వడ్డీ కడుతున్నాడని వడ్డికాసులవాడు అంటాం, అదీ ముద్దుగా. హాథీరాంజీ బావాజీ కథలో స్వామి రాత్రిపూట భక్తుడితో పాచికలాడతాడు, ఆ మఠం కొండ మీద ఇప్పటికీ ఉంది.

ఇక గంగ జాతర. మే నెలలో తాతయ్యగుంట గంగమ్మకి జాతర జరుగుతుంటే బైరాగి వేషం, బండ వేషం, తోటి వేషం, దొర వేషం, మాతంగి వేషం అని రోజుకో వేషం కట్టి ఊరంతా తిరుగుతారు. బండ వేషం కట్టినవాళ్ళు ఎదురొచ్చినవాళ్ళని నోటికొచ్చినట్టు బూతులు తిడతారు, తిట్లు పడ్డవాడు కోపం తెచ్చుకోడు. చిన్నప్పుడు మా వీధిలో పెద్దమనిషి ఒకాయన, పిల్లలు ఎదురుగా నిలబడి దగ్గినా ఊరుకునేవాడు కాదు, ఆ రోజు మాత్రం బండ వేషం కట్టిన కుర్రాడి చేత తిట్లు తిని నవ్వుకుంటూ పోవడం నా కళ్ళారా చూశాను. అంటే భక్తీ, బూతూ, వేళాకోళమూ ఒకే వీధిలో నడిచే ఊరు మాది. "తిరుపతోళ్ళకి ఇలాంటి సినిమాలు పడవు" అనేవాళ్ళకి ఈ జాతర తెలియదు.

కానీ ఒకటుంది. జాతరలో తిట్టేవాడు ఆ అమ్మవారి బిడ్డే, వేషం తీసేశాక వచ్చి అదే గుళ్ళో దండం పెట్టేవాడు. సినిమాలో జోకు వేసేవాడు లోపలివాడా బయటివాడా అనేది కూడా చూడాలి. బయటివాడు వేయకూడదని నేను అనను. బయట నుంచి వేసేవాడు కాస్త ఎక్కువ తెలుసుకుని వేయాలి అంటాను. మన గుడి గురించి అర్చకుడి జంధ్యం ఏ భుజం మీద ఉంటుందో కూడా తెలియకుండా తీసిన సీన్ చూస్తే వెంటనే తెలిసిపోతుంది కదా, పక్క మతం వాళ్ళకీ అంతే తెలుస్తుంది.

అందుకే ఇంకో చిన్న పరీక్ష పెట్టుకోండి. సినిమాలో ఆటపట్టించింది మీ మతం కాకపోతే, అదే సీన్‌లో మీ గుడిని, మీ పండగను, మీ అవ్వను పెట్టి ఊహించుకోండి. అప్పటికీ నవ్వొస్తే నవ్వొచ్చిందని రాయండి. సినిమా మీ మతం మీదే అయితే తిరగేసి, పక్కవాళ్ళ మీద అయితే ఇంత కోపం వచ్చేదా అని అడుక్కోండి. జవాబు నిజాయితీగా రావాలంటే కాణిపాకంలో తడి బట్టలతో వినాయకుడి ముందు నిలబడి చెబుతున్నాననుకోండి, చిత్తూరు జిల్లా వాళ్ళకి ఇంకేం చెప్పక్కరలేదు.

డార్క్ కామెడీ అన్నంత మాత్రాన సరిపోదు

పోస్టర్ మీద డార్క్ కామెడీ అని రాసుకున్నవన్నీ అది కాదు. బాబాను బట్టతలవాడిగా చూపించి అరటిపండు మీద జారిపడేలా చేస్తే అది డార్క్ కాదు, ఉత్త కామెడీ. డార్క్ కామెడీలో నవ్వు కింద నిజమైన నష్టం ఉండాలి: చావో, రోగమో, అప్పో, పోయిన కొట్టో. నేను చేసే పని ఏంటంటే, జోకులన్నీ తీసేసి కథ రెండు వాక్యాల్లో రాసుకుంటాను. "ఒకడి కొట్టు కూలిపోయింది, అప్పుల్లో పడ్డాడు, కట్టిన ఇన్సూరెన్స్ రాలేదు, ఎవరిని అడగాలో తెలియలేదు." ఇది చదివితే గుండె బరువెక్కుతుంది. అంటే కింద కథ ఉంది. అలా తీసేశాక ఏమీ మిగలకపోతే అది వెక్కిరింపు మాత్రమే, మీ అభిప్రాయంలో ఆ మాట సూటిగా రాయొచ్చు.

ముగింపు కూడా చూడండి, వీటిలో చాలావరకు అక్కడే తడబడతాయి. రెండు గంటలు ప్రశ్నలు వేసి చివర్లో భయపడి అందర్నీ మంచివాళ్ళని చేసేస్తారు. 'గోపాల గోపాల' ముగింపు నాకు నచ్చడానికి కారణం అది అలా భయపడకపోవడమే: దేవుడి మీద కేసు వేసినవాణ్ణే తీసుకెళ్ళి దేవుణ్ణి చేసి విగ్రహం పెట్టేస్తారు, వాడే వచ్చి దాన్ని పగలగొట్టాల్సి వస్తుంది. బ్రయన్ కథలోనూ ఇదే, నేను దేవుణ్ణి కాదు మొర్రో అని వాడు మొత్తుకుంటుంటే జనం వినరు. ఎక్కడో తీసిన సినిమా, ఇక్కడ తీసిన సినిమా ఒకే గుంపును చూపించాయి. అయితే కొత్త సినిమా గురించి రాసేటప్పుడు ముగింపు చెప్పేయకండి, "చివర్లో వెనక్కి తగ్గింది" అనో "చివరిదాకా నిలబడింది" అనో అంటే చాలు.

ఇంట్లో పెద్దవాళ్ళని అడగడం

నా అభిప్రాయం కంటే మా అవ్వ అభిప్రాయమే ఎప్పుడూ నాకు ఎక్కువ పనికొచ్చింది. కానీ అడిగే తీరు ఉంటుంది. "సినిమా ఎట్లుంది అవ్వా?" అంటే "బాగుంది నాయనా" అంటుంది, అక్కడితో అయిపోతుంది. "యాడ నవ్వొచ్చె నీకు?" అని అడగాలి. తర్వాత "యాడ మొగం తిప్పుకుంటివి?" అని అడగాలి. అప్పుడు అసలు విషయం బయటికొస్తుంది.

ఒకసారి టీవీలో అలాంటి సినిమా వస్తుంటే దొంగ స్వామీజీ సీన్లకి ఆమె కళ్ళలో నీళ్ళొచ్చేలా నవ్వింది. దేవుడి వేషం కట్టినవాడు ఐస్‌క్రీమ్ తింటుంటే కూడా నవ్వింది. హారతి పళ్ళెం కాలితో తన్నే సీన్ ఒకటి రాగానే రిమోట్ ఇటివ్వమంది.

"ఎందుకు అవ్వా, అంతసేపూ నగితివి కదా?"

"సామిని అంటే సామి చూసుకుంటాడు లేరా. ఆ పళ్ళెం ఎవురో తోమి పెట్టింటారు, అది తన్నేదేమి?"

నేను ఆ సీన్‌ను పది సార్లు చూసినా నాకు ఇది తట్టేది కాదు. ఇలాంటి మాట దొరికితే మార్చకుండా, ఆమె అన్నది అన్నట్టే రాయండి. పేరు మాత్రం పెట్టకండి, మా అవ్వ అంటే చాలు.

రాసేటప్పుడు

మొదటి వాక్యంలోనే మీరు ఎక్కడ నిలబడి చూశారో చెప్పేయండి. "నేను ప్రతి శనివారం ఉపవాసం ఉంటాను, అయినా ఈ సినిమాకి నవ్వాను", లేదా "నాకు దేవుడి మీద నమ్మకం లేదు, అయినా రెండో సగం నన్ను ఇబ్బంది పెట్టింది". ఇలా చెబితే చదివేవాడు మీ మాటను ఎంత లెక్కలోకి తీసుకోవాలో తనే తేల్చుకుంటాడు. "హిందువుల మనోభావాలు", "క్రైస్తవుల మనోభావాలు" అని అందరి తరఫునా మాట్లాడకండి. నాకు నొచ్చింది అని రాయండి, ఏ సీన్ దగ్గర, ఏ మాటకి నొచ్చిందో రాయండి. అలాగే నొచ్చుకున్నవాళ్ళని "వెనకబడినవాళ్ళు" అని తీసిపారేయకండి.

నవ్వొచ్చిందా లేదా అనేది ఒక పేరాలో, నొచ్చిందా లేదా అనేది వేరే పేరాలో పెట్టండి. ఈ రెండూ కలిపేస్తే అంతా గందరగోళమే. నొచ్చినా నవ్వు రావచ్చు, నొచ్చుకోకపోయినా సినిమా బోర్ కొట్టొచ్చు.

ఒక ముక్క ఇలా ఉంటే బాగుంటుందని నా ఉద్దేశం: "నేను భక్తుణ్ణి. మొదటి సగంలో దొంగ బాబాల మీద పడ్డ ప్రతి దెబ్బకీ చప్పట్లు కొట్టాను. రెండో సగంలో దెబ్బలు బాబాల నుంచి వాళ్ళ దగ్గరికి వెళ్ళే పేదవాళ్ళ మీదికి మళ్ళాయి, అక్కడి నుంచి నాకు నవ్వు రాలేదు. హాస్పిటల్ సీన్ మాత్రం మర్చిపోలేను. పదమూడేళ్ళు దాటిన పిల్లలతో చూడొచ్చు, మా అమ్మతో అయితే నేను చూడను." ఇంతే. స్టార్లు ఇవ్వకపోయినా నష్టం లేదు.

చట్టం సంగతి కూడా తెలిసుండాలి. పాత ఐపీసీ 295ఏ, 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలో 299వ సెక్షన్ అయింది. ఒక వర్గం మత విశ్వాసాలను కావాలని, దురుద్దేశంతో అవమానిస్తే మూడేళ్ళ దాకా జైలు. ఇది సినిమావాళ్ళకే కాదు, మనం పెట్టే పోస్టులకీ వర్తిస్తుంది. సినిమా గురించి ఎంత గట్టిగానైనా రాయండి, దేవుళ్ళ ఫొటోలు మార్ఫింగ్ చేసి పెట్టడం, నటుడి మతాన్నీ కులాన్నీ లాగి తిట్టడం జోలికి పోకండి. ఇంకో మాట, అలిపిరి మెట్లెక్కుతూనో దర్శనం లైన్లో నిలబడో ఈ చర్చ పెట్టుకోకండి. అక్కడికి వాళ్ళు వేరే పని మీద వచ్చారు.

రాసింది అదే రాత్రి పెట్టేయకుండా తెల్లారి మళ్ళీ చదవండి. నేను ఇంకొకటి కూడా చేస్తాను, మా అమ్మకి చదివి వినిపిస్తాను. ఆ సంక్రాంతి సినిమా గురించి రాసినప్పుడు "మూఢభక్తులకి ఈ సినిమా చెంపదెబ్బ" అని ఒక వాక్యం రాశాను, బాగా కుదిరిందని కూడా అనుకున్నాను. అమ్మ చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ వింటోంది. చెయ్యి ఆపి "మూఢభక్తులంటే ఎవురు రా, నువ్వు చెప్పిన ఆ గుండు చేయించుకున్న ఆమేనా?" అంది.

ఆ వాక్యం కొట్టేశాను. దాని బదులు ఆమె కొంగు వేసుకోవడం గురించి రాశాను.